మోటర్‌హోమ్‌లో ఎడారి యాత్ర: వెగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా ఇద్దరు చేసుకునే పద్ధతి

అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఆర్‌వీ, అంటే పడక, వంటగది, బాత్రూమ్ ఉన్న మోటర్‌హోమ్ బండిలో ట్రిప్ మీద ఆశ ఉన్నవాళ్లు చాలామంది. కానీ బుకింగ్ పేజీ తెరవగానే టెన్షన్ మొదలవుతుంది. ఎంత పెద్ద బండి తీసుకోవాలి, మురుగు ట్యాంకులు ఎలా ఖాళీ చేయాలి, ఎక్కడ పడుకోవాలి అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే మొదటిసారి అద్దె బండి తీసుకుని వెళ్లే భార్యాభర్తల కోసం మొత్తం వరుసగా రాస్తున్నాను. రూటు: లాస్ వెగాస్, జాయన్, బ్రైస్ నేషనల్ పార్కులు, పేజ్ ఊరు, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), మళ్లీ వెగాస్. సుమారు 1,100 మైళ్లు, హాయిగా 10 రాత్రులు.

## 1. రూటు కన్నా ముందు రాత్రి బసలు ఖాయం చేయండి

కారులో వెళ్లేవాళ్లు చూడాల్సిన చోట్లు రాసుకుని, హోటల్ తర్వాత వెతుక్కుంటారు. మోటర్‌హోమ్‌కు ఈ పద్ధతి పనికిరాదు. రాత్రి ఆగే చోట కరెంటు ఉందా, నీళ్లు ఉన్నాయా, మన బండి పొడవు అక్కడ పడుతుందా అన్నవి ముందు తేలాలి. సైట్ దగ్గరే కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం కలుపుకునే ఏర్పాటును హుకప్ అంటారు.

అన్నిచోట్లా హుకప్ అక్కర్లేదు. ఎత్తును చూసి తేల్చుకోండి. లాస్ వెగాస్ 2,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. జాయన్ లోయ, పేజ్ రెండూ 4,000 అడుగుల చుట్టుపక్కల. ఇక్కడ ఏసీ లేకుండా మధ్యాహ్నం బండిలో కూర్చోలేరు కాబట్టి కరెంటు ఉన్న సైటే తీసుకోండి. సౌత్ రిమ్ 7,000 అడుగులు, బ్రైస్ 8,000 అడుగులు. అక్కడ రాత్రి దుప్పటి కావాలి, ఏసీ కాదు. హుకప్ లేని పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లో చెట్ల మధ్య నిశ్చింతగా ఉండొచ్చు.

నేను చెప్పే పంపకం ఇది:

- జాయన్: 2 రాత్రులు. వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న సైట్.
- బ్రైస్: 2 రాత్రులు. పార్కులోని నార్త్ లేదా సన్‌సెట్ క్యాంప్‌గ్రౌండ్, హుకప్ ఉండదు.
- పేజ్: 2 రాత్రులు. లేక్ పావెల్ ఒడ్డున వావీప్‌లో పూర్తి హుకప్. ట్యాంకులు, బట్టలు, సరుకులు అన్నీ ఇక్కడ చూసుకోవాలి.
- మాన్యుమెంట్ వ్యాలీ: 1 రాత్రి.
- సౌత్ రిమ్: 2 రాత్రులు. మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్ లేదు, 30 అడుగులు దాటిన బండి పట్టదు. పక్కనే ట్రైలర్ విలేజ్‌లో పూర్తి హుకప్ ఉంది.
- వెగాస్ దగ్గర చివరి రాత్రి: 1. మర్నాడు బండి అప్పగించాలి కదా.

దూరం వెళ్లే రోజున పెద్ద నడకలు పెట్టుకోకండి. జీపీఎస్ మూడు గంటలు అంటే మోటర్‌హోమ్‌కు నాలుగు, మధ్యలో భోజనానికి ఆగితే ఐదు.

## 2. ఎప్పుడు వెళ్లాలి

సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మధ్య దాకా అన్నిటికన్నా మంచి కాలం. ఏప్రిల్ చివర, మే మొదట్లో కూడా బాగుంటుంది, కానీ వసంతంలో గాలులు ఎక్కువ, బ్రైస్‌లో రాత్రుళ్లు గడ్డకట్టే చలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా వద్దు. పిల్లల సెలవులతో పని లేని ఇద్దరికి ఆ ఎండలో వెళ్లాల్సిన అవసరమే లేదు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా అక్కడ వర్షాకాలం లెక్క. ఎక్కడో ఇరవై మైళ్ల అవతల వాన పడితే, ఆకాశం నిర్మలంగా ఉన్న ఇరుకు లోయలోకి వరద వస్తుంది.

## 3. బండి, కాంట్రాక్టు

ఇద్దరికి 22 నుంచి 25 అడుగుల సి క్లాస్ బండి సరిపోతుంది. డ్రైవర్ క్యాబిన్ పైన మంచం ఉబ్బెత్తుగా కనిపించేది అదే. బి క్లాస్ అంటే వ్యాన్. నడపడం తేలికే గానీ బాత్రూమ్, ట్యాంకులు బాగా చిన్నవి. ఏ క్లాస్ బస్సంత ఉంటుంది, మొదటిసారికి వద్దు.

ఈ బండ్లకు మామూలు రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్స్ చాలు. ఇండియా నుంచి వచ్చి నడిపేవాళ్లు అక్కడి లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి. కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి.

సంతకానికి ముందు తేల్చుకోవాల్సినవి:

- రోజుకు ఎన్ని మైళ్లు ఉచితం, దాటితే మైలుకు ఎంత?
- జనరేటర్ గంటలకు విడిగా లెక్క ఉందా?
- మీ కారు ఇన్సూరెన్స్ అద్దె ఆర్‌వీకి వర్తిస్తుందా? చాలావాటికి వర్తించదు. క్రెడిట్ కార్డు రక్షణ కూడా మోటర్‌హోమ్‌లను సాధారణంగా మినహాయిస్తుంది.
- పైకప్పుకు, బండి కింది భాగానికి తగిలే దెబ్బలు కవరేజ్‌లో ఉన్నాయా? చాలా పాలసీల్లో ఉండవు. ఆ ఖర్చు పూర్తిగా మీదే.
- మట్టి రోడ్లు నిషేధమా? వేసవిలో డెత్ వ్యాలీ నిషేధమా? చాలా కాంట్రాక్టుల్లో రెండూ ఉంటాయి.
- దుప్పట్లు, గిన్నెలు, నీళ్ల పైపు, నీళ్ల ఒత్తిడి తగ్గించే ప్రెజర్ రెగ్యులేటర్ బండితో ఇస్తారా?

పెట్రోలు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. గాలన్‌కు 8 నుంచి 10 మైళ్లు వస్తుంది. 1,100 మైళ్లకు 110 నుంచి 140 గాలన్లు.

## 4. పాసులు, బుకింగ్‌లు

వాచ్‌మన్, మేథర్ సైట్లు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. ఆ ఉదయమే ఇద్దరూ చెరో ఫోన్ పట్టుకుని కూర్చోండి. దొరక్కపోతే నిరాశ పడొద్దు. రద్దయిన సైట్లు ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి బయటపడుతూ ఉంటాయి.

నేషనల్ పార్కుల వార్షిక పాస్ అమెరికాలో నివసించేవాళ్లకు 80 డాలర్లు. జనవరి 2026 నుంచి విదేశీ సందర్శకులకు అది 250 డాలర్లయింది. పాస్ లేని విదేశీ సందర్శకులు జాయన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ సహా 11 పార్కుల్లో మామూలు ఫీజు మీద మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్స్ లాంటి అమెరికా గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి.

మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్ దగ్గరి యాంటిలోప్ కాన్యన్ రెండూ నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం) భూములు. అక్కడ ఈ పాస్ చెల్లదు. యాంటిలోప్‌లోకి నవాహో గైడ్ లేకుండా వెళ్లనివ్వరు, కాబట్టి టూర్ ముందే కొనాలి.

## 5. బండి తీసుకునే రోజు

కంపెనీ వాళ్లు ఇరవై నిమిషాల్లో అన్నీ చూపించి తాళం ఇచ్చేస్తారు. తొందర పడకండి. ఒకరు వింటుంటే ఒకరు మొత్తం వీడియో తీయండి. రాత్రి హీటర్ వెలగనప్పుడు ఆ వీడియోనే దిక్కు.

మీ ముందు ఆన్ చేయించి చూడాల్సినవి:

- ఏసీ, హీటర్, వాటర్ హీటర్, పొయ్యి
- జనరేటర్ స్టార్ట్ అయి, దాని మీద ఏసీ నడవడం
- ఫ్రిజ్ అప్పటికే చల్లగా ఉండటం. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది.
- గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు
- టైర్లలో గాలి, వెనక జంట టైర్లలో లోపలివి కూడా
- పైకప్పు, అద్దాలు, బంపర్ల ఫోటోలు, తేదీ కనిపించేలా

బండి ఎత్తు, వెడల్పు, పొడవు అడిగి ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. ఎత్తు 11, 12 అడుగులు ఉంటుంది. డ్రైవ్ త్రూలు, పార్కింగ్ గరాజ్‌లు, పాత పెట్రోలు బంకుల పైకప్పులు మన బండికి కావు.

## 6. సరుకులు, వంట

మన సరుకులు వెగాస్‌లోనే కొనేయండి. తర్వాత సెయింట్ జార్జ్‌లో, పేజ్‌లో పెద్ద స్టోర్లు ఉన్నాయి గానీ కరివేపాకు దొరకదు.

చిన్న ప్రెజర్ కుక్కర్ తప్పక తీసుకెళ్లండి. 8,000 అడుగుల ఎత్తున నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. కుక్కర్‌లో అయితే రెండు విజిల్స్ ఎక్కువ వేస్తే సరి.

తాలింపు పెట్టేముందు కిటికీ తీసి పైన ఫ్యాన్ వేయండి. ఇరుకు చోటు కాబట్టి ఎండుమిరపకాయ వేగగానే పొగ అలారం మోగుతుంది. చేపలు, డీప్ ఫ్రై బండిలో వద్దు, వాసన పరుపులకు పడుతుంది. పులిహోర, చపాతీలు, పచ్చళ్లు, పెరుగు ఉంటే ప్రయాణం రోజున పొయ్యి వెలిగించక్కర్లేదు.

సింకులోకి అన్నం మెతుకులు, నూనె, చింతపండు పిప్పి పోనివ్వకండి. పళ్లేలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, తర్వాత కడగండి. నీళ్లూ కలిసొస్తాయి, ట్యాంకూ కంపు కొట్టదు.

తాగే నీళ్లు విడిగా డబ్బాల్లో ఉంచుకోండి. మనిషికి రోజుకు ఒక గాలన్ తప్పనిసరి, నడకలు ఉంటే ఇంకా ఎక్కువ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. మజ్జిగలో ఉప్పు వేసుకున్నా పని జరుగుతుంది.

## 7. నడపడం

హైవే ఎక్కే ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో అరగంట తిప్పండి. వెనక చక్రాల అవతల బండి చాలా పొడుగు ఉంటుంది. ముందు భాగాన్ని కుడికి తిప్పితే తోక ఎడమకు ఊగి పక్కనున్న స్తంభాన్ని కొడుతుంది. మలుపులో ఎప్పుడూ కాస్త ముందుకు వెళ్లి తిప్పండి.

60 నుంచి 65 మైళ్ల వేగం చాలు. దిగుడు రోడ్డు మీద బ్రేకు నొక్కిపట్టి ఉంచకండి, కాలిపోతుంది. దిగుడు మొదలవక ముందే టో హాల్ బటన్ (ఇంజిన్‌తోనే వేగం అదుపు చేసేది) నొక్కండి లేదా తక్కువ గేర్‌లోకి మార్చండి. ఎండలో పెద్ద ఎక్కుడు వస్తే క్యాబిన్ ఏసీ ఆపి, ఇంజిన్ వేడి ముల్లు గమనించండి.

గాలి విసురుగా ఉంటే ఆగిపోండి. ఎత్తైన బండి పక్కగాలికి లేన్ దాటిపోతుంది. పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ దాకా అడ్డు లేని బయలు. ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు.

పెట్రోలు సగానికి రాగానే నింపండి. పావు ట్యాంకు కన్నా తగ్గితే జనరేటర్ ఆగిపోయేలా ఈ బండ్లను తయారుచేస్తారు. బంకులోకి వెళ్లే ముందు ప్రొపేన్ గ్యాస్ వాల్వ్ మూసి, జనరేటర్ ఆపాలి.

రివర్స్ చేసేటప్పుడు ఒకరు తప్పనిసరిగా దిగి వెనక నిలబడాలి. భార్యాభర్తల మధ్య ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి, కాబట్టి నియమాలు ముందే పెట్టుకోండి. దిగినవాళ్లు అద్దంలో కనిపించే చోటే నిలబడాలి. కుడి, ఎడమ అనొద్దు. డ్రైవర్ వైపు, అవతలి వైపు అనండి. పైన కొమ్మలు కూడా చూడాలి. ఫోన్ కాల్ స్పీకర్‌లో పెట్టుకుంటే అరుచుకోవాల్సిన పని ఉండదు. "ఆపు" అన్న మాట వినగానే, కారణం అడక్కుండా ఆపాలి.

## 8. సైట్‌లో ఆగాక పనుల వరుస

1. బండిని సమతలంగా నిలపండి. అవసరమైతే చక్రాల కింద దిమ్మలు పెట్టండి. వాలుగా ఉంటే గ్యాస్ ఫ్రిజ్ పనిచేయదు, పాడవుతుంది కూడా.
2. కరెంటు స్తంభం మీద బ్రేకర్ ఆపి, ప్లగ్ పెట్టి, తర్వాత బ్రేకర్ వేయండి.
3. తాగునీటి పైపుకు ముందు ప్రెజర్ రెగ్యులేటర్ తగిలించండి. కొన్నిచోట్ల ఒత్తిడి ఎక్కువై లోపలి గొట్టాలు పగులుతాయి.
4. మురుగు గొట్టం తగిలించినా, టాయిలెట్ నీళ్లు చేరే బ్లాక్ ట్యాంక్ వాల్వ్ మూసే ఉంచండి.
5. ఎండకు గుడారంలా చాచే ఆనింగ్‌ను మీరు పక్కనే ఉన్నప్పుడే తెరవండి. నిద్రపోయేముందు, బయటికి వెళ్లేముందు మడిచేయాలి. ఎడారి గాలికి అది ఒక్క క్షణంలో విరిగిపోతుంది.

కరెంటు లెక్క సులభం. 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 1,500 దాకా లాగుతుంది. మైక్రోవేవ్ మరో 1,500. ఆ రెండూ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఏసీతో పాటు ఒక్క పెద్ద వస్తువు మాత్రమే వాడండి.

హుకప్ లేని చోట లైట్లు, పంపు, హీటర్ ఫ్యాన్ బ్యాటరీ మీద నడుస్తాయి. బ్రైస్‌లో చలికి హీటర్ రాత్రంతా తిరిగితే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోవచ్చు. హీటర్ తక్కువలో పెట్టి మంచి రగ్గు కప్పుకోండి. ఉదయం అనుమతి ఉన్న వేళల్లో జనరేటర్ వేసి చార్జ్ చేయండి. జనరేటర్ నడుస్తుండగా నిద్రపోవద్దు.

## 9. ట్యాంకులు ఖాళీ చేయడం

అందరికీ భయం దీని గురించే. వరుస తెలిస్తే పావుగంట పని.

టాయిలెట్ నీళ్లు బ్లాక్ ట్యాంకులోకి, స్నానం, సింకు నీళ్లు గ్రే ట్యాంకులోకి పోతాయి. బ్లాక్ ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక ఖాళీ చేయాలి. సగం కన్నా తక్కువలో తీస్తే ఒరవడి చాలక గట్టిది అడుగునే ఉండిపోతుంది. వాల్వ్ తెరిచి వదిలేసినవాళ్లకు వచ్చే సమస్య కూడా ఇదే. నీళ్లు జారిపోయి మిగతాది ఎండి గట్టిపడుతుంది.

1. ఇద్దరూ వాడి పారేసే గ్లవ్స్ వేసుకోండి.
2. గొట్టాన్ని ముందు బండికి బిగించి, రెండో కొసను నేలలోని మురుగు (డంప్) రంధ్రంలో గట్టిగా పెట్టండి. జారిపోకుండా ఏదైనా బరువు పెట్టాలి.
3. ముందు బ్లాక్ వాల్వ్ తెరవండి. శబ్దం ఆగేదాకా ఉండండి. మూయండి.
4. తర్వాత గ్రే వాల్వ్. ఆ సబ్బు నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి.
5. రెండు వాల్వులూ మూసి, గొట్టం ఎత్తిపట్టి కడిగి పెట్టేయండి.
6. టాయిలెట్‌లో ఒక బకెట్ నీళ్లు, ట్యాంకు మందు వేయండి.

కడగడానికి అక్కడుండే పైపును తాగునీటికి ఎప్పుడూ వాడొద్దు. ఆర్‌వీ టాయిలెట్ పేపర్ మాత్రమే వేయండి. తడి వైప్స్ అస్సలు వద్దు. నీళ్లు వాడే అలవాటు ఉన్న మనకు ట్యాంకు త్వరగా నిండుతుంది, కాబట్టి మీటర్ రోజూ చూసుకోండి. బ్రైస్ నుంచి బయల్దేరేముందు ఒకసారి, పేజ్‌లో ఒకసారి, సౌత్ రిమ్ వదిలేముందు ఒకసారి ఖాళీ చేస్తే ఎక్కడా ఇబ్బంది రాదు.

## 10. ఒక్కో చోట తెలుసుకోవాల్సినవి

జాయన్. లోపలి లోయ రోడ్డు మార్చి నుంచి నవంబరు దాకా షటిల్ బస్సులకే. బండి క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలి నడిచి స్టాప్‌కు వెళ్లొచ్చు. ముఖ్యమైన సంగతి సొరంగం. పార్కు తూర్పు వైపు ఉన్న జాయన్-మౌంట్ కార్మెల్ రోడ్డు మీదికి జూన్ 2026 నుంచి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు, 35 అడుగుల 9 అంగుళాల పొడవులో ఏది దాటినా వెళ్లనివ్వరు. అద్దె సి క్లాస్ బండ్లలో చాలావరకు వెడల్పు దగ్గరే ఆగిపోతాయి. జీపీఎస్ మాత్రం ఆ దారే చూపిస్తుంది. మీరు హరికేన్ ఊరి నుంచి 59వ నంబరు రోడ్డు పట్టుకుని ఫ్రెడోనియా, కనాబ్ మీదుగా వెళ్లండి.

బ్రైస్. ప్రధాన వ్యూపాయింట్ల పార్కింగ్‌లో షటిల్ నడిచే వేళ 23 అడుగులు, అంతకు మించిన బండ్లను ఆపనివ్వరు. షటిల్‌లో వెళ్లండి. మొదటి రోజు మెల్లగా నడవండి, ఆ ఎత్తులో ఆయాసం వస్తుంది.

పేజ్. హార్స్‌షూ బెండ్ నడక రానూపోనూ ఒకటిన్నర మైలు. నీడ తక్కువ, కాబట్టి ఉదయమే వెళ్లండి. లేక్ పావెల్ ఒడ్డున ఇసుకలోకి బండి దించే ఆలోచన వద్దు. దిగబడితే లాగే ఖర్చు ఇన్సూరెన్స్ ఇవ్వకపోవచ్చు.

టైమ్. ఇక్కడే టూర్లు తప్పిపోయేది. మార్చి నుంచి నవంబరు మొదటి దాకా యూటా గడియారం వెగాస్ కన్నా గంట ముందు. అరిజోనా వేసవి సమయం (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం) పాటించదు కాబట్టి పేజ్, గ్రాండ్ కాన్యన్ వెగాస్‌తో సమానం. నవాహో నేషన్ మాత్రం పాటిస్తుంది, కాబట్టి కయెంటా, మాన్యుమెంట్ వ్యాలీ మళ్లీ గంట ముందు. సరిహద్దులో ఫోన్ అటూ ఇటూ మారిపోతుంది. ఒక చేతి గడియారం అరిజోనా టైమ్‌కు పెట్టి ఉంచండి. టూర్ వాళ్లను ఏ టైమ్ అని అడిగి రాసుకోండి.

మాన్యుమెంట్ వ్యాలీ. లోపలి 17 మైళ్ల మట్టి దారిలోకి ఆర్‌వీలను అనుమతించరు. నవాహో గైడ్ జీపులో వెళ్లండి, డబ్బు అక్కడి వాళ్లకే చేరుతుంది. నవాహో నేషన్‌లో మద్యం నేరం, బండిలో సీసా ఉన్నా సరే. డ్రోన్ ఎగరేయకూడదు. మనుషుల ఫోటో అడిగే తీయాలి.

గ్రాండ్ కాన్యన్. కామెరాన్ మీదుగా తూర్పు ద్వారం నుంచి రండి, డెజర్ట్ వ్యూ దగ్గర పెద్ద బండ్లకు చోటు ఉంది. లోయలోకి దిగితే, ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు సమయం పడుతుంది. నదిదాకా వెళ్లి ఒక్కరోజులో తిరిగి రావాలని చూడొద్దు. వేడి రోజుల్లో 10 నుంచి 4 దాకా లోయ దారుల్లో నడవకండి.

## 11. పొరపాట్లు, వాటికి మందు

- బ్రేకర్ పడింది: అన్నీ ఆపి, లోపలి బ్రేకర్ వేసి, ఒక్కొక్కటి ఆన్ చేయండి. రాకపోతే బయట స్తంభం మీదిది చూడండి.
- పొయ్యి వెలగడం లేదు: బంకులో మూసిన గ్యాస్ వాల్వ్ తెరవడం మరచారు.
- ఫ్రిజ్ చల్లబడటం లేదు: బండి సమతలంగా ఉందా చూడండి. బయట 100 ఫారెన్‌హీట్ దాటితే గ్యాస్ ఫ్రిజ్ నీరసిస్తుంది. పెరుగు, పాలు ఐస్ బాక్స్‌లోకి మార్చండి.
- సిగ్నల్ లేదు: మ్యాపులు, బుకింగ్ కాగితాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. కనాబ్ దాటాక సిగ్నల్ లేని మైళ్లు చాలా వస్తాయి.
- ప్రయాణంలో గిన్నెలు కింద పడ్డాయి: అల్మరాల గొళ్లేలు వేయలేదు.

ప్రతి ఉదయం కదిలే ముందు ఒకరు చదవండి, ఒకరు చేసి చూపించండి:

- ఆనింగ్, మెట్టు లోపలికి
- యాంటెన్నా కిందికి, పైకప్పు వెంట్లు మూత
- ఫ్రిజ్ తలుపు, అల్మరాలు, బాత్రూమ్ తలుపు గొళ్లెం
- కరెంటు తీగ, నీళ్ల పైపు, మురుగు గొట్టం లోపల
- రెండు ట్యాంక్ వాల్వులూ మూత
- దిమ్మలు తీసి, టైర్లు చుట్టూ తిరిగి చూడటం

## 12. బండి తిరిగి ఇవ్వడం

అప్పగించే ముందు రెండు ట్యాంకులూ ఖాళీ చేయాలి. పెట్రోలు, కొన్నిచోట్ల ప్రొపేన్ కూడా నింపాలి, లేకపోతే ఎక్కువ రేటు వేస్తారు. వెగాస్‌లో ఉదయం డంప్ స్టేషన్ల దగ్గర వరుస ఉంటుంది. అందుకే ముందు రాత్రి హుకప్ ఉన్న చోట పడుకుని, అక్కడే పని ముగించండి. సౌత్ రిమ్ నుంచి వెగాస్ 280 మైళ్లు. అదే రోజు బండి ఇచ్చి విమానం ఎక్కాలని పెట్టుకోకండి. మైలేజ్, జనరేటర్ గంటల మీటర్, నాలుగు వైపులా బండి, పైకప్పు ఫోటోలు మళ్లీ తీసుకోండి. డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా వాటిని చెరపొద్దు.